పోర్ట్ లూయిస్ రేవులో సాయంకాలపు నడక

మనలో పోర్ట్ లూయిస్‌కు వెళ్ళనివారు లేరు. ఆఫీసు పని, బాంకు పని, బజారు పని, ఏదో ఒక పని మీద వెళతాం. పని కాగానే విక్టోరియా స్టేషన్‌లోనో ఇమ్మిగ్రేషన్ స్క్వేర్‌లోనో బస్సు ఎక్కి ఇల్లు చేరుకుంటాం. రేవును కిటికీలోంచి చూడటమే తప్ప, దాని ఒడ్డున తీరికగా నడిచినవారు మనలో తక్కువ. పాఠకులను ఆ నడకకు తీసుకువెళ్ళాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

దారి పెద్దది కాదు. ఉత్తరాన ట్రూ ఫాన్‌ఫారాన్‌లోని ఆప్రవాసీ ఘాట్ దగ్గర మొదలుపెట్టి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని, ప్లాస్ దార్మ్ మీదుగా దక్షిణాన కోడాన్ వరకు నడవాలి. వేగంగా నడిస్తే ఇరవై నిమిషాలు. ఆగి ఆగి చూసుకుంటూ నడిస్తే గంటన్నర. ఘాట్ నుంచే ఎందుకు మొదలుపెట్టాలంటే, సాయంకాలానికి అక్కడ తలుపులు మూసేస్తారు. ముందు అది చూసి తరువాతే మిగిలినవి చూడాలి. ఇది ఒక కారణం. ఇంకొక కారణం ఉన్నది. మన ముత్తాతలు ఈ ద్వీపం మీద కాలు పెట్టింది అక్కడే. కాని అక్కడి నుంచి మనం నడవబోయే ఈ కొద్దిపాటి దారిలో తీరికగా నడిచే వీలు వారికి ఉండేది కాదు. ఆ సంగతి దారిలో చెబుతాము.

ముందు రేవు స్వభావం తెలుసుకుందాం. మన ద్వీపం మీద ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. పోర్ట్ లూయిస్ వాయవ్య తీరాన ఉన్నది. వెనుక లె పూస్, పీటర్ బోత్ మొదలైన కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఆ గాలిని అడ్డుకుంటాయి. తెరచాపల కాలంలో ఇది గొప్ప సౌకర్యం. ఆగ్నేయ తీరంలోని గ్రాండ్ పోర్ట్ రేవు నుంచి ఎదురుగాలిలో ఓడ బయటపడటం కష్టంగా ఉండేది. అందుచేతనే 1735లో గవర్నరుగా వచ్చిన మాయే ద లా బుర్దొనే ఈ రేవును ఎన్నుకొని రాజధానిగా పెంచాడు. ఆ పనికి పుదుచ్చేరి వైపు నుంచి చేతిపనివారిని రప్పించాడు. అంటే చెరకుతోటల కాలానికి నూరేళ్ళ ముందే భారతదేశపు చేతులు ఈ ఊరి రాళ్ళను చెక్కాయన్నమాట.

ఇక ఘాట్. లోపల చూడవలసిన మొదటి వస్తువు మెట్లు. పదహారు రాతి మెట్లు. పెద్ద ఓడలు రేవు మధ్యలో లంగరు వేసేవి. మనుషులు చిన్న పడవల్లో ఒడ్డుకు వచ్చి ఈ మెట్లెక్కి డిపోలోకి వెళ్ళేవారు. ఇమ్మిగ్రేషన్ డిపో ఇక్కడ 1849లో ఏర్పడింది. ఇప్పుడు కనిపించే రాతి కట్టడాలు ఎక్కువగా 1860ల నాటివి. వలసదారులు ఉండే షెడ్లు, వంటశాల, ఆసుపత్రి, మరుగుదొడ్లు, గుమాస్తాల గదులు అప్పటి డిపోలో ఉండేవి. రోడ్లు వేయడంలోనూ ఇతర మార్పులలోనూ చాలా భాగం పోయింది. మిగిలింది 1,640 చదరపు మీటర్ల స్థలం మాత్రమే. పూర్వం దీన్ని కూలీ ఘాట్ అనేవారు. 1987లో ఆప్రవాసీ ఘాట్ అని పేరు మార్చారు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు పోర్ట్ లూయిస్‌కు వచ్చారు. ప్రతి సంవత్సరం నవంబరు 2న మనం జరుపుకొనే సెలవు ఆ రోజుకు గుర్తు. అప్పటి నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు ఈ రేవుకు వచ్చారు. కొందరిని ఇక్కడి నుంచి రీయూనియన్‌కు, ఆఫ్రికాకు, కరీబియన్ దీవులకు పంపించారు. ఎక్కువమంది ఇక్కడి చెరకుతోటలకే వెళ్ళారు. ఒడంబడిక అయిదేళ్ళు. కూలీకి మామూలు జీతం నెలకు అయిదు రూపాయలు, దానితో పాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. ఒకరోజు పని మానితే రెండు రోజుల జీతం కోసేవారు.

డిపోలో ముఖ్యమైన పని రాత పని. మెట్లెక్కి వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటి మీద మచ్చ - ఇవన్నీ రిజిస్టరులో ఎక్కేవి. 1860ల నుంచి ఫోటోలు తీయడం కూడా వచ్చింది. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 2015లో వాటిని యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు.

తెలుగు కుటుంబాల వారు ఈ రిజిస్టర్లు చూసేటప్పుడు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. మనవారు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజలు. చాలామంది మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు కనుక తమిళులతో కలిపి అందరినీ మద్రాసీలనే అన్నారు. ఓడ ఎక్కిన రేవును చూస్తే తెలుగువారెవరో తెలియదు. జిల్లా పేరు చూడాలి. గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు అనే పేర్లు కనిపిస్తే అక్కడ వెదకవచ్చు. 1859 తరువాత రాజమండ్రి జిల్లా పేరు పోయి గోదావరి, కృష్ణా జిల్లాలు వచ్చాయి. అందుచేత ఒకే ప్రాంతం నుంచి వచ్చిన తాతకు రాజమండ్రి అనీ, ఆయన తరువాత వచ్చిన మేనల్లుడికి గోదావరి అనీ రాసి ఉండవచ్చు. ఊళ్ళ పేర్లను గుమాస్తాలు తమ చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. వాటిని కళ్ళతో చదివితే అర్థం కావు. పైకి చదివి చెవితో వినాలి.

మన ఇంటిపేర్ల చిక్కు కూడా అక్కడే మొదలయింది. ఆంధ్ర దేశంలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరువాత. ఇక్కడ కాగితాల్లో తండ్రి పేరే వంశం పేరయి కూర్చున్నది. అప్పలసామి, అప్పడు, రామసామి, వెంకటసామి వంటి పేర్లు ఈ ద్వీపంలో ఇంటిపేర్లుగా నిలిచిపోయాయి. అసలు ఇంటిపేరు నోటిమాటగా రెండు తరాలు నడిచి, మూడో తరంలో చాలా ఇళ్ళలో ఆగిపోయింది. అయినా అన్నీ పోలేదు. మన ఊళ్ళలో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తున్నాం, అమ్మోరు పండుగ చేస్తున్నాం. సింహాచలం ఏ జిల్లాలో ఉన్నదో తెలిసినవారికి మన తాతలు ఏ వైపు నుంచి వచ్చారో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ద్వీపంలో తెలుగువారిని కోరింగీలు అన్నారు. ఒకప్పుడు అది వెక్కిరింత మాటగా కూడా వినిపించేది. కాని ఆ మాట వెనుక ఒక రేవు ఉన్నది. కోరంగి గోదావరి నోటి దగ్గర కాకినాడకు దిగువన ఉన్న పాత రేవు. ఓడలు కట్టడానికీ, బాగుచేయడానికీ పేరు పొందినది. 1832-33లో నందన కరువు కోస్తా జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. దాని పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ నడిమి కాలంలో కోరంగి నుంచి ఓడలు మనవారిని ఎక్కించుకొని ఇటు వచ్చాయి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగిని ముంచెత్తింది. తరువాత గోదావరి ఇసుక మేట వేసి రేవును పూడ్చింది. ఇప్పుడు అక్కడ మడ అడవులు, పక్షులు ఉన్నాయి, పెద్ద ఓడలు లేవు. ఆ రేవు పేరు ఈ రేవులో మన మీద నిలిచిపోయింది. అందుకే ఆ మాట వింటే మన పిల్లలు సిగ్గుపడనక్కరలేదని మా అభిప్రాయం.

ఘాట్ దాటి కొద్ది అడుగులు వేస్తే పాత సైనిక ఆసుపత్రి వస్తుంది. లా బుర్దొనే కాలంలో, 1740 ప్రాంతంలో కట్టినది. మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చెమట ఆ గోడల్లో ఉన్నది. ఆ భవనాన్నే బానిసత్వ మ్యూజియంగా మార్చి 2023లో తెరిచారు. ఘాట్ చూసి ఇది చూడకుండా వెళ్ళకూడదు. ఎందుకంటే ఒకటి లేకపోతే ఇంకొకటి లేదు. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. సుమారు 66,000 మందికి విముక్తి వచ్చింది. కాని వారిని వెంటనే పోనివ్వలేదు. అప్రెంటిస్‌లని పేరు పెట్టి 1839 వరకు పాత యజమానుల దగ్గరే పని చేయించారు. బ్రిటిష్ ప్రభుత్వం యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి యజమానులు భారతదేశం నుంచి కూలీలను తెప్పించుకున్నారు. మన ముత్తాతలు మెట్లెక్కినప్పుడు వారికి చూపించిన పని అంతవరకు మరొకరి చేత కొరడాతో చేయించిన పని. ఈ సంగతి మన క్రియోల్ పొరుగువారికి తెలుసు. మన పిల్లలకు కూడా తెలియాలి.

ఇక్కడి నుంచి ఊరివైపు తిరుగుతాం. ముందు చెప్పిన సంగతి ఇక్కడ చెప్పాలి. డిపోలో రెండు మూడు రోజులు ఉంచిన తరువాత కొత్త కూలీని తోటకు తీసుకుపోయేవారు. అయిదేళ్ళ ఒడంబడిక ముగిస్తే అతడు పాత వలసదారు. చట్టప్రకారం స్వేచ్ఛ గలవాడు. కాని 1867లో ఒక చట్టం చేశారు. పాత వలసదారు ఎప్పుడూ తన ఫోటో ఉన్న టికెట్టు దగ్గర ఉంచుకోవాలి. అతడు ఏ జిల్లాలో ఉంటాడో, ఏ పని చేస్తాడో రాసిన పోలీసు పాసు కూడా ఉండాలి. పాసు లేకుండా మరో జిల్లాలో కనిపిస్తే దిమ్మరి అని పట్టుకొనేవారు. టికెట్టు పోతే డబ్బు కట్టి కొత్తది తీసుకోవాలి. దాని కోసం పని మాని, కూలి పోగొట్టుకొని పోర్ట్ లూయిస్‌కే రావాలి. పట్టుబడినవారిని గ్రాండ్ రివియేర్‌లోని దిమ్మరుల డిపోలో ఉంచేవారు. కాగితం లేక పట్టుబడేకంటే మళ్ళీ తోటలో ఒడంబడికకు వేలిముద్ర వేయడమే మేలని మనిషికి తోచాలి. ఆ చట్టం ఉద్దేశం అదే.

అంటే పొద్దు వాలిన తరువాత చేతులు వెనక్కి కట్టుకొని, ఏ పనీ లేకుండా, ఓడలను చూస్తూ నడవడం - మనం ఇప్పుడు చేస్తున్న పని - అప్పటి పోలీసువాడు ఆపి కాగితం అడిగే పని.

ఆ చట్టం మీద 9,401 మంది పాత వలసదారులు 1871లో గవర్నరుకు విన్నపం పెట్టుకున్నారు. దాన్ని తయారుచేయడంలో వారికి తోడ్పడినవాడు అడోల్ఫ్ ద ప్లెవిట్జ్. ఆయన భారతీయుడు కాడు, తోట వ్యవహారం చూసుకొనే జర్మను వంశీయుడు. తోటల యజమానులు ఆయన మీద మండిపడ్డారు. ద్వీపం నుంచి వెళ్ళగొట్టాలని కూడా విన్నపం పెట్టారు. 1872లో బ్రిటిష్ రాయల్ కమిషన్ వచ్చి విచారణ జరిపింది. దాని నివేదిక 1875లో వెలువడింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. కష్టాలన్నీ ఒక్కసారి తీరలేదు. అయినా పాసు లేని నడక వైపు అది మొదటి అడుగు. ఆ 9,401 సంతకాలలో, గుర్తులలో తెలుగువారివి ఎన్నో ఎవరైనా కూర్చొని లెక్కపెట్టవలసిన పని.

రోడ్డుకు ఆవలి పక్క బజారు. సాయంకాలానికి కూరగాయల దుకాణాలు కట్టేస్తూ ఉంటారు. మిగిలిన కొత్తిమీర, కరివేపాకు కట్టలు చవకగా వస్తాయి. ఒడంబడిక ముగించుకొని చిన్న ముక్క నేల కౌలుకు తీసుకొని కూరగాయలు పండించిన మనవారికి ఈ బజారు బతుకుదారి అయింది. ఇటువైపు రేవు ఒడ్డున 19వ శతాబ్దపు రాతి భవనంలో తపాలా మ్యూజియం ఉన్నది. 1864లో మొదలైన రైలు కూడా ఈ ఊరికే వచ్చి ఆగేది. చక్కెర బస్తాలు తోటల నుంచి రైల్లో దిగేవి. 1956లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ 2020లో మెట్రో వచ్చి విక్టోరియా దగ్గర ఆగుతున్నది.

తరువాత ప్లాస్ దార్మ్. రెండు పక్కలా తాటిజాతి చెట్లు బారులు తీరి ఉంటాయి. ఆ చివర గవర్నమెంట్ హౌస్, దాని ముందు విక్టోరియా రాణి విగ్రహం. ఈ చివర సముద్రం వైపు ముఖం పెట్టి 1859 నుంచి లా బుర్దొనే నిలబడి ఉన్నాడు. మనవారికి ఆయన గురించి ఇంకొక సంగతి తెలియాలి. 1746లో ఆయన ఈ రేవు నుంచే ఓడలు తీసుకువెళ్ళి చెన్నపట్నాన్ని ఇంగ్లీషువారి నుంచి పట్టుకున్నాడు. ఏక్స్ లా షాపెల్ సంధి ప్రకారం ఆ ఊరు తిరిగి ఇంగ్లీషువారికి పోయింది. ఇక్కడి నుంచి చెన్నపట్నానికి సైన్యం వెళ్ళింది. నూరేళ్ళ తరువాత చెన్నపట్నం నుంచి ఇక్కడికి కూలీలు వచ్చారు. ఆ చౌకుకు ఇప్పుడు అధికారికంగా సుఖ్‌దేవ్ బిసుందయాల్ పేరు ఉన్నది, అయినా అందరూ పాత పేరే అంటారు. బిసుందయాల్ సోదరులు పల్లెపల్లె తిరిగి జనానికి అక్షరాలు నేర్పించినవారు. 1947 రాజ్యాంగం ప్రకారం ద్వీపంలోని భాషల్లో ఏదో ఒక దానిలో చదవడం, రాయడం వచ్చిన పెద్దలకు ఓటు వచ్చింది. ఆ కొత్త నియమం కింద 1948లో ఎన్నికలు జరిగాయి. మన ఆంధ్ర మహాసభ ఏర్పడింది కూడా 1947లోనే. సాయంత్రం బడిలో దీపం ముందు కూర్చొని అ ఆలు దిద్దడం అప్పుడు పాటలకూ భజనలకూ మాత్రమే కాదు, ఓటుకు కూడా పనికివచ్చే చదువు. వేలిముద్ర వేసినవారి బిడ్డలు పేరు రాశారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది.

ప్లాస్ దార్మ్ నుంచి కోడాన్ కనిపిస్తుంది. ఒకప్పుడు గిడ్డంగులు, పడవలు ఉన్న చోట 1996లో దుకాణాలు, సినిమా హాళ్ళు, భోజనశాలలు వచ్చాయి. దూరంగా దక్షిణాన చక్కెర టెర్మినల్ గోదాములు కనిపిస్తాయి. అది 1980లో పని మొదలుపెట్టింది. అంతకు ముందు చక్కెరంతా గోనె బస్తాల్లో డాకర్ల వీపుల మీద ఓడ ఎక్కేది. 1938 సెప్టెంబరులో ఆ డాకర్లు సమ్మె కట్టారు. ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి కార్మిక నాయకుడు ఎమ్మాన్యుయేల్ ఆంక్తీల్‌ను రోడ్రిగ్స్‌కు పంపివేసింది. డాకర్లలో క్రియోల్ వారు ఎక్కువ. తోటలో చెరకు నరికినవాడూ, రేవులో బస్తా మోసినవాడూ ఒకరినొకరు చూసుకోకపోయినా ఒకే చక్కెరను మోశారు.

కోడాన్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియంలో రెండు తపాలా బిళ్ళలు ఉన్నాయి. 1847లో ఇక్కడే అచ్చయినవి. ఒకటి పెన్నీది, ఇంకొకటి రెండు పెన్నీలది. 1993లో ఇక్కడి కంపెనీలు కొన్ని కలిసి దాదాపు 20 లక్షల డాలర్లకు వాటిని కొని తిరిగి తెచ్చాయి. రంగు వెలిసిపోకుండా గంటకు కొన్ని నిమిషాలు మాత్రమే వాటి మీద దీపం వేస్తారు. వాటిని చెక్కిన జోసెఫ్ బార్నార్డ్ 1838లో టికెట్టు లేకుండా ఓడలో దాక్కొని ఈ రేవుకు వచ్చినవాడు. అతడిని దిమ్మరి అని ఎవరూ కొట్టులో పెట్టలేదు. పని దొరికింది, పేరు వచ్చింది. ఆ బిళ్ళలను చూడవలసిందే. కాని మోకాలోని రిజిస్టరులో ఒక మూల మన ముత్తాత నంబరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ రాసి ఉన్న గీత కూడా అంతే అరుదైనది. దానికి రెండో ప్రతి లేదు.

కాబట్టి ఈ నడకకు బయలుదేరేముందు ఒక పని చేయమని మా మనవి. కుటుంబంలోని పాత కాగితాలు వెదకండి. పెళ్ళి కాగితం, జనన కాగితం, టికెట్టు ముక్క, ఏది దొరికినా దాని మీద నంబరు ఉన్నదేమో చూడండి. దానితో మోకాకు వెళ్ళి వివరాలు రాయించుకోండి. గుమాస్తా రాసిన పేరును పిల్లల చేత పైకి చదివించి, అది తెలుగులో ఏ పేరయి ఉంటుందో వారి చేతనే తెలుగు అక్షరాలలో రాయించండి. మామ్మలు, తాతలు బతికి ఉండగానే అసలు ఇంటిపేరు అడిగి ఆ కాగితం వెనుక రాసి పెట్టండి. తరువాత పిల్లలను వెంటబెట్టుకొని ఒక సాయంకాలం ఘాట్ నుంచి కోడాన్ దాకా నడవండి. పొద్దు సముద్రంలోకి దిగేవేళ అక్కడి బెంచీల మీద కూర్చొని, ఎవరి నంబరు వారు పైకి చదివి వినిపించండి.